అమ్మ మంచం మీద పళ్లెం మిషను

మా ఇంట్లో కరెంటు పోతే మా ఆవిడ ముందు కొవ్వొత్తి కోసం వెతకదు, నా మొహం కోసం వెతుకుతుంది. చీకట్లో కనబడదని తెలిసినా నా వైపే తిరిగి, "ఎల్లండెల్లండి, మీ మారాణీగారు ఎలాగున్నారో సూసి రండి" అంటుంది. మారాణీగారంటే రికార్డులు పాడే నా టర్న్‌టేబుల్. బరంపురం లంజిపల్లిలో మేముండే మేడ మీద వాటాలో, ముందు గదిలో, కిటికీ పక్కన, నేను దగ్గరుండి చేయించుకున్న టేకు బల్ల మీద ఉంటుంది. కారు కొనుక్కోవలసిన డబ్బుతో దాన్ని కొన్నానని ఆవిడ చుట్టాలందరికీ చెబుతుంది. అది నిజమే కాబట్టి నేను మాట్లాడను.

ఈ పిచ్చి నాకు మా సొంతూరు చమఖండిలో పట్టింది. మాది సముద్రం మీద బతికిన కుటుంబం. నా చిన్నప్పుడు ఊళ్లో పెళ్లికి మైకుసెట్టు వచ్చిందంటే నేను పెళ్లికొడుకుని చూసేవాణ్ణి కాదు, మైకుసెట్టాయన పక్కన కూచునేవాణ్ణి. నల్లటి పళ్లెం తిరగడం, దాని మీద ముల్లు ఆనగానే పందిరంతా పాట నిండిపోవడం నాకు ఎంత చూసినా తనివి తీరేది కాదు. ఆయన నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. పెద్దయ్యాక నాకు ఇలాంటిది ఒకటి ఉంటుంది, దాన్ని నేనూ ఎవరినీ ముట్టుకోనివ్వను అని అప్పుడే ఒట్టేసుకున్నాను. ఒట్టులో మొదటి సగం నిలబెట్టుకునేసరికి యాభై ఏళ్లొచ్చాయి.

మిషను గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, లేకపోతే నా కంగారు మీకు అర్థం కాదు. దాని పళ్లెం ఎంత బరువంటే, మోటారు ఆగిపోయాక కూడా దాదాపు అర నిమిషం తనంతట తనే తిరుగుతుంది. మోటారు పక్కన ఒక చిన్న ఇనప్పెట్టె ఉంటుంది. ఇంటికొచ్చే కరెంటుని అది తిన్నగా చేసి మోటారుకి అందిస్తుంది. అది బాగున్నంతసేపే పాట పాటలా ఉంటుంది. కరెంటు పోతే పాట గొంతు దిగిపోతూ, దిగిపోతూ, మూలుగులాగా ఆగిపోతుంది. ముల్లు మాత్రం రికార్డు గాట్లోనే ఉండిపోతుంది. అంతవరకూ పెద్ద ప్రమాదం లేదు. ప్రమాదమంతా కరెంటు తిరిగి వచ్చేటప్పుడే. మా బరంపురంలో, ముఖ్యంగా వైశాఖం గాలివానల రోజుల్లో, పోయిన కరెంటు మర్యాదగా ఒకసారి రాదు. వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది, ఆ వచ్చేది ఒక్కోసారి బల్బు పగిలేంత జోరుగా వస్తుంది. ఆ జోరు ఇనప్పెట్టెకి తగిలితే ఇంక అంతే సంగతులు.

ఇన్వర్టరు ఉంది కదా అని మీరనొచ్చు. మా ఇన్వర్టరు కరెంటు పడగ్గదిలో ఫ్యానుకీ బల్బుకీ, ముందు గదిలో స్పీకర్లకీ చాలు గాని, దాని మీద పెడితే ఈ మోటారు గుర్రుమంటుంది. ఇలాంటి వాటికోసమే వేరే బ్యాటరీ పెట్టె ఒకటి ఉంటుందని చెబితే భువనేశ్వర్ నించి అదీ తెచ్చాను. దాని లోపలి చిన్న ఫ్యాను చప్పుడు పాటలోకి వచ్చి కూచునేది. పక్కవాటాలో ఫ్రిజ్జు మొదలైతే నా స్పీకర్లలో వినిపించే మనిషిని నేను. నా చెవులు అలాంటివని నాకు కాస్త గర్వం కూడా. రెండో వారమే ఆ పెట్టెని మా ఆవిడ కుట్టుమిషను కిందకి తోసేశాను.

కాబట్టి మిషనుని కాపాడాల్సింది మనుషులే. మూడు సూత్రాలు పెట్టాను. కరెంటు పోగానే లీవరు ఎత్తి ముల్లుని రికార్డు మీంచి లేపాలి. తరవాత స్విచ్చి ఆపి ప్లగ్గు పీకాలి. కరెంటు వచ్చాక బల్బు కాసేపు కదలకుండా వెలిగితేనే మళ్లీ ప్లగ్గు పెట్టాలి. మా ఆవిడ ఇవి విని, "మా కాన్పులప్పుడు కూడా ఇంత జాగర్త సెప్పలేదు డాక్టరు" అంది.

ఈ సూత్రాలు శ్రద్ధగా నేర్చుకున్నది మా అమ్మ. మా అయ్య పోయాక అమ్మని చమఖండి నించి మా దగ్గరికి తెచ్చుకున్నాను. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఛత్రపురం వీధులన్నీ తిరిగిన మనిషి, మేడ మీద వాటాలో ఏం చేస్తుందా అని నా బెంగ. కొన్నాళ్లు కిటికీ దగ్గర కూచుని ఆటోలు లెక్కపెట్టింది. ఒక ఆదివారం నేను సన్నాయి రికార్డు పెడితే లేచొచ్చి మిషను ముందు కూచుంది. పాట సగంలో, "ఇదేటి బాబూ, దీని మోటారు ఉందా లేదా? సప్పుడే లేదు" అంది. మోటారు చప్పుడు వినిపించకపోవడం కోసమే అంత డబ్బు పోశానని చెప్పాను. ఆమెకి అది బాగా నచ్చింది.

మోటార్ల విషయంలో అమ్మ మాటకి మా ఊళ్లో విలువుండేది. తెల్లారగట్ల బోట్లు తిరిగొచ్చేటప్పుడు, ఇంకా కంటికి ఆనకముందే, ఒడ్డున నిలబడి ఏ ఇంజిను ఎవరిదో చెప్పేసేది. మా అయ్య బోటు ఇంజిను కాస్త దగ్గితే, ఆయన ఒడ్డుకి రాకముందే మెకానిక్కుకి కబురు పంపేది. అలాంటి చెవులు మరి. అందుకే నా ఒట్టులో రెండో సగం ఆమె దగ్గర తీసి గట్టున పెట్టాను. రికార్డు అంచులు పట్టుకోవడం, లీవరు దించడం నేర్పాను. చేపల పొలుసు తీసిన వేళ్లు, దేన్ని ఎంత గట్టిగా పట్టుకోవాలో వాటికి నేను చెప్పేదేముంది. మధ్యాహ్నాలు మేమిద్దరం ఉద్యోగాలకి పోయాక ఒక్కతే సన్నాయి పెట్టుకునేది. దాన్ని పళ్లెం మిషను అనేది. సాయంత్రం నేను రాగానే, "నీ పల్లెం మిషను ఇయ్యాల బాగా పాడింది" అని దాని మార్కులు చెప్పేది.

అమ్మకి ఒక అలవాటు. సందెవేళ దీపం వెలిగితే రెండు చేతులూ జోడించి, కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ దణ్ణం పెట్టుకుంటుంది. చాలా ఇళ్లల్లో పెద్దవాళ్లు చేసేదే. అమ్మకి కిరసనాయిలు బుడ్డి అయినా ఒకటే, ట్యూబులైటు అయినా ఒకటే. కరెంటు పోయి వచ్చినా అంతే. వీధంతా "ఆసిలా, ఆసిలా" అని, అంటే వచ్చింది వచ్చింది అని, ఒడియాలో అరుచుకుంటూ ఉంటే, అమ్మ ట్యూబులైటు కేసి చేతులు జోడించి నిలబడుతుంది. దేవుడికి ఏదో చెప్పుకుంటోంది అనుకునేవాణ్ణి. ఏం చెబుతోందో ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఆ రోజు వైశాఖంలో ఒక సాయంత్రం. నా ఆఫీసు ఛత్రపురంలో. రోజూ స్కూటరు మీద హైవే పట్టుకుని పోయి రావాలి. ఆ సాయంత్రం దారంతా దుమ్ము, ఎదురుగాలి, పక్కనించి లారీలు. చిరాకుతో మెట్లెక్కి, తెరిచి ఉన్న తలుపు దగ్గర ఒక బూటు విప్పాను. లోపల అమ్మ సన్నాయి పెట్టుకుంది. రెండో బూటు లేసు మీద చెయ్యి వేశాను, కరెంటు పోయింది. సన్నాయి మూలగడం మొదలవగానే అమ్మ లీవరు ఎత్తేసింది. చీకట్లో ఆ చిన్న టిక్కుమన్న చప్పుడు విని, శభాష్ అనుకున్నాను. స్విచ్చి బల్ల వెనకాల ఉంది. అటు రెండడుగులు వేసిందో లేదో కరెంటు వచ్చేసింది. అమ్మ అక్కడే ఆగి చేతులు జోడించి కళ్లు మూసుకుంది.

"అమ్మా, స్విచ్చి!" అన్నాను. వినలేదో, దణ్ణం మధ్యలో ఆపకూడదనుకుందో. నేను ఒంటి బూటుతో లోపలికి వచ్చేలోపు కరెంటు మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. ఈసారి ట్యూబులైటు భగ్గుమంది. గదిలో కమురు వాసన. ఇనప్పెట్టె లోంచి.

అప్పుడు నేనన్న మాటలు రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే మిగతాది రాసి ప్రయోజనం లేదు. "నీ దండాలు తగలెయ్యా! రెండు సేతులూ అలా మడిసి నిలబడ్డావు, స్విచ్చి ఎవుడు నొక్కుతాడే? నీ మొక్కులకి నా మిషను కాలిపోనాది" అని అరిచాను. కోపం వస్తే నాకు మా ఊరి యాస పూర్తిగా వచ్చేస్తుంది. అమ్మ కళ్లు తెరిచి నన్ను చూసింది. జోడించిన చేతులు అలాగే ఉన్నాయి. వాటిని మెల్లగా విడదీసి, చీర కొంగులో పెట్టేసుకుంది. "ఒచ్చినావా బాబూ" అని మాత్రం అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ రాత్రి మా ఆవిడ నాకు అన్నం పెట్టింది గాని మాట పెట్టలేదు.

ఇనప్పెట్టెని గోసాని నువాగాం పేటలో ఒక పాత రేడియో మెకానిక్కు దగ్గరికి పట్టుకెళ్లాను. తెలుగాయనే, కాని నలభై ఏళ్లు ఒడియా వాళ్లతో వ్యాపారం చేసి మనం అండీ అన్నట్టు ప్రతి మాటకీ "ఆజ్ఞా" తగిలిస్తాడు. ఆయన పెట్టె విప్పి, లోపల మందుబిళ్లంత నల్లటి ముక్క ఒకటి నా అరచేతిలో పెట్టాడు. ఎక్కువ కరెంటు వస్తే ఈ బిళ్ల ముందుగా కాలిపోయి, ఫ్యూజుని కొట్టేసి, మిగతా పెట్టెని కాపాడుతుందట. "ఇది దీని పని ఇది సేసేసినాది ఆజ్ఞా. బిళ్ల మారిత్తే సాలు, మీ మిషను బతికింది" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఉత్సాహంలో, మా అమ్మ చేసిన పని కూడా చెప్పాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసి, "కరెంటు మొదటిసారి వచ్చినప్పుడు పెట్టె మీద ఎర్ర లైటు ఎలిగిందా ఆజ్ఞా?" అని అడిగాడు. గుర్తు చేసుకున్నాను. తలుపు దగ్గరనించి నాకు ముందు కనిపించేది ఆ ఎర్ర లైటే. అమ్మ చేతులు జోడించినప్పుడు ఆమె మోచేతి పక్కన పెట్టె కనబడుతూనే ఉంది. లైటు లేదు.

"అయితే మొదటి దెబ్బకే కాలిపోనాది. రెండోసారి వచ్చిన కరెంటు దీని లోపలికి ఎల్లనే లేదు. వాసన మీకు ఆలస్యంగా తగిలింది, అంతే. మీ అమ్మగారు దండం పెట్టుకున్నా, పెట్టుకోకపోయినా ఒకటే ఆజ్ఞా" అని ఆయన సోల్డరింగు కడ్డీ వేడి పెట్టుకున్నాడు.

ఇంటికి వెళ్లగానే ఈ మాట అమ్మకి చెప్పాలి. దారిపొడుగునా ఎలా చెప్పాలో అనుకుంటూనే వచ్చాను. ఇంటికొచ్చాక పెట్టె బిగించాను, సన్నాయి పెట్టాను, అమ్మని పిలిచాను. "గొంతు మునుపట్లాగే ఉంది" అంది అమ్మ, తలుపు దగ్గరే నిలబడి. నేను "ఊఁ" అన్నాను. మెకానిక్కు మాట చెప్పకుండానే రికార్డు రెండో వైపు తిప్పాను. చెప్పకపోవడానికి కారణం లేదు. తప్పు ఒప్పుకోవడం మా వంశంలో మగాళ్లకి చేతకాదు, నేనూ ఆ వంశంలోనే పుట్టాను. మర్నాడు చెబుదాం అనుకున్నాను. అలా రెండు కార్తెలు పోయాయి, వానలు వచ్చాయి, వానలు కూడా పోయాయి.

ఈలోపు అమ్మ మారింది. మధ్యాహ్నాలు సన్నాయి పెట్టుకోవడం మానేసింది. నేను ఉన్నప్పుడు పెడితే వింటుంది, అదీ ప్లగ్గు పక్కనే పీట వేసుకుని, ఒక చెయ్యి వైరు మీద ఉంచుకుని. నేను వినడం అయిపోగానే ప్లగ్గు పీకి, ఎవరూ పొరపాటున పెట్టకుండా, వల అల్లే నైలాను దారంతో బల్ల కాలికి కట్టేసేది. ఆ ముడి మా వాళ్లకి తప్ప విప్పడం రాదు. మా ఆవిడ ఒకసారి తుడవడానికి విప్పబోయి గోరు విరగ్గొట్టుకుంది. "తల్లీకొడుకులు కలిసి దీనికి కాపలా పెట్టినారు, బ్యాంకు లాకరు నయం" అంది. నేను నవ్వాను. అమ్మ జాగ్రత్త చూసి లోపల్లోపల కాస్త మురిసిపోయాను కూడా. బుద్ధి లేనివాడికి అన్నీ ముచ్చటగానే ఉంటాయి.

దసరా వెళ్లాక తుఫాను కబురు వచ్చింది. మా గంజాం వాళ్లకి తుఫాను అంటే కొత్త కాదు. కొవ్వొత్తులు, అటుకులు, ట్యాంకు నిండా నీళ్లు, అంతే. నేను నా మిషను పని నేను చేసుకున్నాను. ప్లగ్గులన్నీ పీకాను, పాట ముల్లున్న చేతిని దాని కొక్కేనికి బిగించాను, పైన మూత పెట్టి దుప్పటి కప్పాను. టేకు బల్ల మీదే ఉంచాను. పనంతా సూత్రాల ప్రకారం చేశానని తృప్తిగా చేతులు దులుపుకున్నాను.

అమ్మ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "ఇదేటి? ఇంజినుని ఒడ్డునే ఒగ్గేత్తావేటి?" అంది.

నాకు వెంటనే అర్థమైంది. చమఖండిలో తుఫాను జెండా ఎత్తితే, బోట్లని ఎంత పైకి లాగగలిగితే అంత పైకి లాగి కట్టేస్తారు. కాని ఇంజిను మాత్రం బోటు మీద ఉంచరు. విప్పి, పాత చీరలు చుట్టి, భుజాన వేసుకుని ఇంటికి తెచ్చి, ఇంట్లో అన్నిటికంటే ఎత్తుగా, అన్నిటికంటే లోపలగా ఉన్న చోట పెడతారు. బోటు పోతే మళ్లీ కట్టుకోవచ్చు, ఇంజిను పోతే ఇల్లు గడవదు.

"ఇది మేడ మీదుంది గదే అమ్మా, సముద్రం ఇక్కడికొస్తుందా?" అన్నాను.

"కిటికీ ఉంది గదా. గాలి నీటిని మోసుకొత్తాది. నా మాటిను, లోపలెట్టు."

లోపల అంటే అమ్మ గది. మా వాటాలో కిటికీ లేని గది అదొక్కటే, సామాన్ల గదిగా కట్టినది. అందులో అమ్మ మంచం పడితే మనిషి తిరగడానికి చోటుండదు. అమ్మ అప్పటికే మంచం మీద పక్క తీసేసి గుమ్మం బయట కింద వేసుకుంది. నేను పళ్లెం ఊడదీసి, దాన్ని తిప్పే బెల్టు తీసి, ముక్కలు ముక్కలుగా మిషనుని మోసుకొచ్చి మంచం మీద పెట్టాను. అమ్మ తన మూడు పాత చీరలు చుట్టింది. చుట్టి, పైన వల దారం తిప్పి కట్టింది. ముల్లున్న వైపు ముడి పడకుండా, నేను చెప్పకుండానే చూసుకుంది.

"మరి నువ్వు కిందా పడుకుంటావు?" అన్నాను.

"మీ అయ్య ఇంజినుకి కూడా మంచం నానే ఇచ్చినాను. నాకు కొత్తేటి" అంది.

తుఫాను వచ్చింది, పోయింది. మర్నాడు పొద్దున్న ముందు గదిలోకి వెళ్లి చూస్తే కిటికీ రెక్క ఒకటి ఊడి వేలాడుతోంది. టేకు బల్ల మీద నీళ్లు నిలిచి ఉన్నాయి, ఆకులు, ఇసక, ఎవరిదో సిమెంటు రేకు ముక్క. నేను మూత పెట్టి దుప్పటి కప్పి గర్వంగా వదిలేసిన చోటు అది. అక్కడే కూచుండిపోయాను. అమ్మ చీపురు తెచ్చి నీళ్లు తోసుకుంటూ పోయింది. ఆమె చోట నేనైతే, నా మాటే నిజమైందని ఊరంతా చాటేవాణ్ణి.

కరెంటు లేదు. స్తంభాలు పడిపోయాయి, నాలుగైదు రోజులు పడుతుందన్నారు. ఇన్వర్టరు మొదటి రోజే చేతులెత్తేసింది. రెండో రోజు సాయంత్రం చీకటి పడుతుంటే అమ్మ కిరసనాయిలు బుడ్డి ఒకటి ఎక్కడినించో తీసి వెలిగించింది. నేను ఎదురుగా గోడకి ఆనుకుని ఉన్నాను. చేసే పనేమీ లేదు కాబట్టి అమ్మనే చూస్తున్నాను. బుడ్డి వెలిగించి, ఒత్తి సరిచేసి, చేతులు కొంగుకి తుడుచుకుని, పక్కకి జరిగి కూచుంది. అంతే.

ఏదో లోటుగా అనిపించింది. ఏమిటో కాసేపటికి గాని తట్టలేదు. దణ్ణం పెట్టలేదు. అప్పుడు వెనక్కి ఆలోచించుకుంటే, వైశాఖం నించీ అమ్మ దీపానికి దణ్ణం పెట్టడం నేను చూడలేదు. ఒకే ఇంట్లో ఉంటూ, అన్ని నెలలు.

"దండం పెట్టలేదేటే అమ్మా?"

"ఎందుకులే బాబూ."

"ఏటి, ఎందుకులే?"

"రెండు సేతులూ మడిసేత్తే స్విచ్చికి సెయ్యి ఎక్కడుంతాది? కరెంటు ఎప్పుడొత్తాదో, ఏటో. అలవాటు తప్పించుకున్నాను" అంది. దెప్పిపొడుపు కాదది. ఆ రోజు నేను అన్నదాన్ని నాలుగో సూత్రంగా నేర్చుకుంది, అంతే. మెకానిక్కు చెప్పిన సంగతి అప్పుడు చెప్పాను. బిళ్ల గురించి, ఎర్ర లైటు గురించి, ఆమె తప్పు లేదని తెలిసీ నేను ఇన్నాళ్లు నోరు మూసుకున్న సంగతి. ముక్కలు ముక్కలుగా, ఒక వరస లేకుండా చెప్పాను.

అమ్మ అంతా విని, "మిషను బాగైంది గదా, ఒగ్గెయ్" అంది.

"ఇంతకీ ఏటని దండం పెట్టుకునేదానివి? చిన్నప్పటినించీ సూత్తున్నాను, పెదాలు కదుపుతావు."

అమ్మకి నవ్వొచ్చింది, యాభై దాటినవాడు చిన్నపిల్లాడిలా అడిగాడని. "మంతరమేటి కాదు. ఒడ్డున మేం దీపం ఎలిగించినాం, నీటి మీదున్నోలు ఒడ్డుకి సేరాల, అని. మా అమ్మ అనేది, నానూ అనేదాన్ని. మీ అయ్య ఏటకెల్లినప్పుడు మీ అయ్య కోసం."

"అయ్య పోయి ఎన్నేల్లయిందే?"

"ఇప్పుడు నీకోసం" అంది అమ్మ. "లారీల్లో పడి ఆ రోడ్డు మీద ఒత్తావు గదా. సందెకి లైటు ఎలిగితే నువ్వింకా రోడ్డు మీదే ఉంతావు."

నేను ఆ వైశాఖం సాయంత్రానికి తిరిగి వెళ్లిపోయాను. అమ్మ చేతులు జోడించి, కళ్లు మూసుకుని, నేను ఇంటికి చేరాలని అడుగుతోంది. కళ్లు తెరిచేసరికి నేను ఎదురుగా, ఒంటి బూటుతో, దణ్ణాలు తగలెయ్యా అని అరుస్తున్నాను. "ఒచ్చినావా బాబూ" అని అందుకే అంది. పక్కవాటా ఫ్రిజ్జు వినిపించే చెవులు నావి. అయిదడుగుల దూరంలో నా కోసం కదిలిన పెదవులు వినిపించలేదు. అమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఏడ్చాను కూడా. బుడ్డి వెలుగు చాలా తక్కువ కాబట్టి పరవాలేదు.

నాలుగో రోజు మిషనుని మళ్లీ టేకు బల్ల మీదకి చేర్చాను. కిటికీ బాగైంది, బల్ల ఆరింది. పళ్లెం పెట్టి, బెల్టు వేసి, మట్టం సరిచూశాను. ప్లగ్గు మాత్రం వల దారంతో బల్ల కాలికి కట్టే ఉంది. అయిదో రోజు సాయంత్రం ముగ్గురం ముందు గదిలో ఉండగా వీధి చివరనించి "ఆసిలా, ఆసిలా" అని కేకలు మొదలయ్యాయి. కేకలు ఇల్లిల్లూ దాటుకుంటూ మా దాకా వచ్చాయి, మా ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది.

అమ్మ చటుక్కున లేచి బల్ల వెనక్కి వెళ్లబోయింది, ప్లగ్గు పీకే ఉందని తెలిసి కూడా. నేను ముందే వెళ్లి ఆ ప్లగ్గు, వైరు, ముడి అన్నీ కలిపి గుప్పిట్లో పట్టుకున్నాను.

"నాను పట్టుకున్నాను గదే. నువ్వు దండం పెట్టుకో" అన్నాను.

అమ్మ నా చేతికేసి చూసింది, ప్లగ్గు నిజంగానే అందులో ఉందా అన్నట్టు. తరవాత కొంగు సర్దుకుని, రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకుంది. మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. "నీటి మీదున్నోలు ఒడ్డుకి సేరాల" అని సన్నగా, తడి గొంతుతో, వినిపించింది.

దణ్ణం పూర్తయిందో లేదో కరెంటు మళ్లీ పోయింది. వీధంతా ఉసూరుమంది. కాసేపటికి మళ్లీ భగ్గున వచ్చింది. అమ్మ మళ్లీ చేతులు జోడించింది. ఈసారి నేనూ జోడించాను, ప్లగ్గు చేతిలో ఉండగానే. కళ్లు తెరిచి చూసి, "నీకోసం నువ్వే దండం పెట్టుకుంతావేటి, ఇంట్లోనే ఉన్నావు గదా" అంది అమ్మ.